ముక్కు బతికింది

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నప్పటి నుంచి శాంతవ్వకు తన గొంతే వినబడుతోంది. "మల్ల తెస్త అమ్మా." పొద్దున ఏడు గంటలకు అన్న మాట అది. ఇప్పుడు రెండు దాటింది. డ్యూటీ దిగి ఇంటికి పోయి రెండు బకెట్ల నీళ్లు పోసుకుంది, రెండుసార్లు సబ్బు రుద్దుకుంది, పెరట్లోకి పోయి తీగ మీది చిక్కుళ్లు తెంపి సంచి నింపింది, చీర మార్చుకుంది, బస్టాండు దాకా నడిచింది, అయినా ఆ మాట ఒంటి మీద నుంచి పోలేదు. చెత్త వాసనైతే సబ్బుకు లొంగుతుంది. ఇది నోట్లోంచి వచ్చింది గదా, ఎక్కడని రుద్దాలి? సంచి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని చుట్టూ వేసింది. డ్రైవరు ఇంకా ఎక్కలేదు. ముందు సీటు కింద ఎవరో కక్కుకుంటే మట్టి పోశారు, మట్టి పోస్తే మాత్రం పోతుందా, పులిసిన పాల వాసన మట్టిని తోసుకుని పైకొస్తోంది. అవతలి వరసలో ఒకతను గుట్కా నములుతూ కిటికీలోంచి ఉమ్ముతున్నాడు, ఉమ్మిన ప్రతిసారీ తుంపర గాలికి వెనక్కి మళ్లి ఊచల మీద ఎర్రగా అంటుకుంటోంది, అతను ఆ ఊచ మీదే చెయ్యి ఆనించి ఫోన్లో మాట్లాడుతున్నాడు. శాంతవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నాక నవ్వొచ్చింది. పాతికేళ్ల నుంచి మున్సిపాలిటీలో రోడ్లూడ్చి మోరీలు తీసే మనిషి బస్సులో వాసనకు ముక్కు మూసుకుంటోంది. తోటి పనివాడు మైసన్న చూస్తే పడీ పడీ నవ్వేవాడు.

మైసన్న రాకపోబట్టే ఇదంతా. పొద్దుటి ఆ వీధిలో ఎప్పుడూ శాంతవ్వ ఊడుస్తుంది, అతను ఇంటింటి ముందు పెట్టిన బకెట్లు ఎత్తి తోపుడు బండిలో కుమ్మరిస్తాడు. రాత్రి నుంచి జ్వరమని కబురు పంపాడు, ఆ పనీ ఆమె మీదే పడింది. లెక్చరరమ్మ ఇంటి నీలం బకెట్టు బరువుగా ఉంది. కుమ్మరించింది. పాసిపోయిన సాంబారు, గుడ్డు పెంకులు, తల దువ్వి ఉండచుట్టిన వెంట్రుకలు, అన్నిటికన్నా అడుగున, బకెట్టు మూతికి కొట్టుకుని ఒక్కసారిగా, పొట్లం. పేపరు నానిపోయింది గానీ దాని మీది అరటి నార నానలేదు. రెండు చుట్లు చుట్టి చివర పైకి లాగి వేసిన ముడి. తన ముడి తనకు తెలియదా? మంగళవారం నాడు వేసింది. లేత కాయలు, ఈనె తీయకుండా వండుకోవచ్చని ఏరి ఏరి కట్టింది. పొట్లం విప్పకూడదని లోపల ఎవరో చెప్తూనే ఉన్నారు, వేళ్లు విప్పాయి. ఒక్క కాయ తీసి చూసిన జాడ లేదు. కట్టినవి కట్టినట్టే చెమర్చి, నల్లబడి, ఒకదానికొకటి అంటుకుని, పైన తెల్లగా బూజు బొచ్చు. వేలు తగిలితే జారిపోయింది. సరిగ్గా అప్పుడే గేటు తెరుచుకుంది. పసుపు రాసిన మొహం, చేతిలో పాల ప్యాకెట్టు, లెక్చరరమ్మ. "శాంతవ్వా, మొన్నటి చిక్కుళ్లు ఎంత బాగున్నయో తెలుసా? మా సారు రెండుసార్లు ఏస్కున్నరు." పొట్లం శాంతవ్వ చేతిలో ఉంది. చెయ్యి బండి అంచు లోపల ఉంది. అమ్మకు కనబడలేదు. కనబడాలని చెయ్యి పైకెత్తాలా? ఇదిగో అమ్మా, సారు తిన్న చిక్కుళ్లు ఇవేనా, అనాలా? నోరు తెరుచుకుంది. తెరుచుకుని, "మల్ల తెస్త అమ్మా" అంది. అంటూ నవ్వింది కూడా. ఆ నవ్వు బుగ్గల్లో సాగినట్టు ఇంకా తెలుస్తోంది. థూ.

అబద్ధమాడింది ఆ అమ్మ. మరి నవ్వింది ఎవరు? బూజు పట్టింది కాయలకు. రోత పుట్టాల్సింది ఆ అమ్మ మీద. కానీ ఉదయం నుంచి శాంతవ్వ కడుపులో తిప్పుతున్నది ఆ అమ్మ మాట కాదు, తన మాట. అంతకు ముందైనా అడగని వాళ్లకు ఇచ్చిందా? ఆ అమ్మే అడిగింది. రెండేళ్ల కింద, మాటల్లో మాటగా ఇంటి వెనక నాలుగు మొక్కలు పెట్టుకున్నానని శాంతవ్వ చెప్తే, గేటు మీద మోచెయ్యి ఆనించి, "అదృష్టమంతురాలివి శాంతవ్వా. మట్టిల చెయ్యి పెడితే మనసుకు ఎంత శాంతి! మాకు బజార్ల అన్నీ మందులు కొట్టినయే దొరుకుతయి. ఎప్పుడన్న రెండు కాయలు మాకూ తేరాదు?" అంది. ఆ మాటకు ఆ రోజు చీపురు కూడా తేలికైంది. ఎంత సంబరపడింది! టమాటాలు పండితే ముందు పండిన నాలుగూ ఆ ఇంటికి. పుంటికూర చిగురు పెడితే మొదటి కట్ట ఆ ఇంటికి. ఇచ్చినప్పుడల్లా ఆ అమ్మ పొట్లాన్ని రెండు వేళ్లతో పట్టుకుని లోపలికి తీసుకుపోయేది, వచ్చి శాంతవ్వ దోసిట్లో పైనుంచి నీళ్లు పోసేది, కాగితపు గ్లాసులో చాయ్ గేటు దిమ్మె మీద పెట్టేది. రెండు వేళ్లు. కళ్లకు కనబడ్డవే. పేపరు తడిగా ఉందేమో అనుకుంది. మనిషి తనకు కావలసినట్టు చూస్తుందేమో.

బస్సు కదిలింది. గాలి తగలగానే పాల వాసన కాస్త వెనక్కి పోయింది. మైసన్నకు తెలుసు. ఇప్పుడు తెలుస్తోంది, అతనికి మొదటి నుంచీ తెలుసు. రెండేళ్లు ఆ బకెట్టు కుమ్మరించింది అతనే గదా. పోయిన చలికాలం ఒకసారి మోరీ గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ, ఊరికే, ఎటో చూస్తూ అన్నాడు. "ఇంటికాడ నువ్వే తినరాదే అక్కా. ఊరందరికి పంచుడెందుకు?" ఆమెకు కోపమొచ్చింది. నీకియ్యలేదనా, అంది. మరునాడు రెండు వంకాయలు తెచ్చి అతని ఒళ్లో పడేసింది. అతను వాటిని తువ్వాలలో మూటగట్టుకుని మధ్యాహ్నం దాకా మెడలో వేసుకుని తిరిగాడు. ఎన్ని పొట్లాలు చూసి ఉంటాడు? చూసి, ఆమెకు కనబడకుండా కింద తోసి, పైన వేరే ఇంటి చెత్త పోసి ఉంటాడు. అతని మీద కోపం రావాలా, మొక్కాలా, తెలియడం లేదు.

రోడ్డుకు రెండు పక్కలా కోసిన వరి మడులు. ఎవరో కొయ్యకాళ్లకు నిప్పు పెట్టారు. పొగ బస్సులోకి వచ్చి అందరూ దగ్గుతుంటే శాంతవ్వ కొంగు తీసేసి గుండెనిండా పీల్చింది. కాలిన గడ్డి, దాని కింద తడి మట్టి, దాని కింద ఎక్కడో పశువుల పేడ. మూడూ విడివిడిగా తెలిశాయి. ఇట్లా విడివిడిగా తెలియడం ఎంత కాలానికొచ్చింది! పెళ్లయి వచ్చి పనిలో చేరిన మొదటి ఏడాదిలోనే ఆమె ముక్కు చచ్చిపోయింది. పనిలో ఉన్నవాళ్లకు అది వరమని అందరూ అన్నారు. నిజమే, కుక్క శవాన్ని ఎత్తినా, పెళ్లి పందిరి వెనక రెండు రోజుల ఆకుల కుప్ప తీసినా ఏమీ తెలిసేది కాదు. కానీ ముక్కు ఒక్క చెత్త దగ్గరే చావదు గదా. అన్నం ఉడికిందో మాడిందో కంటితో చూసి తెలుసుకునేది. కూతురు తార పసిపిల్లప్పుడు అందరూ దాని నడినెత్తి వాసన చూసి మురిసిపోతుంటే తనూ మొహం ఆనించేది, వెచ్చగా ఉండేది, అంతే. మొగుడు అబ్రాహాము పల్లీనూనెలో వేయించిన చేపలు తెచ్చి ఎట్లున్నయే అంటే, బాగున్నయి అనేది. ఏం బాగో. నోట్లో ఉప్పు, కారం, మెత్తదనం, మరేమీ లేదు. ఇరవై ఏళ్లు అట్లా తిన్నది. ఇరవై ఏళ్లు అట్లా బతికింది. అబ్రాహాము పోయిన రోజు అగరొత్తులు కట్టలు కట్టలుగా ముట్టించారు, ఆమెకు పొగ కళ్లకు మండిందే గాని అది చావింటి వాసన అని తెలియలేదు.

ఆ పెరడును పెరడు అనడానికి కూడా లేదు. ఇంటి వెనక గోడకూ పక్కవాళ్ల గోడకూ మధ్య ఒక మనిషి చేతులు చాచినంత వెడల్పు, రెండు మంచాలు వేసినంత పొడుగు. ఇటుక ముక్కలూ, సీసా పెంకులూ, ఎవరో వదిలేసిన సైకిలు చక్రం. అత్త మంగవ్వ పోయిన తరువాత ఆమె దూలం మీద పెట్టుకున్న గుడ్డ మూట దొరికితే విప్పింది. బూడిద పట్టించిన చిక్కుడు గింజలు, నల్లగా, కంటి దగ్గర తెల్ల గీతతో. పారేయబోయి, వానాకాలం గదా అని, పెంకులు ఏరి, నాలుగు గుంటలు తీసి వేసింది. మొలకెత్తితే ఎత్తాయి. ఏడో రోజు పొద్దున పనికి పోబోతూ చూస్తే మట్టి పెళ్ల ఒకటి పైకి లేచి ఉంది, కింద మెడ వంచుకుని మొలక. ఆ పెళ్లను చేత్తో తీసేయాలా, అదే తోసుకుంటుందా అని అక్కడే కూర్చుంది, పనికి ఆలస్యమై సూపర్వైజరుతో తిట్లు తిన్నది. ఆ తరువాత స్నానం నీళ్లు అటు మళ్లించింది. పక్క సందులో ఉండే గౌసు ఇంటి బర్రె పేడ అడిగి తెచ్చి చేతులతో పిసికి వేసింది. కల్యమాకు మొక్క నాటింది. టమాటా, వంకాయ, గోడ వారన పుంటికూర. చిక్కుడు తీగ రేకుల మీదికి పాకి వంగపండు రంగు పూలు పూసింది, ఆ పూల కోసం వేలంత పిట్ట ఒకటి వచ్చి తలకిందులుగా వేలాడేది. పని నుంచి వచ్చి, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, ఏమీ చేయకుండా, ఎవరూ శాంతవ్వా అని పిలవకుండా, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని ఉండేది. అంత వరకూ ఆమెకు తనదంటూ ఒక గంట ఉందా? ఊరి చెత్త ఊరికే పోయింది, ఒంటి మీద మట్టి మాత్రం తనది.

ఆ రెండో వానాకాలంలో, ఒక మధ్యాహ్నం, మబ్బు కమ్మి నాలుగు చినుకులు పడ్డాయి. చారులోకి కల్యమాకు తెంపబోయి రెబ్బ చేతిలో నలిగింది. ఏదో సూదిలా ముక్కులోకి దిగింది. ఏమిటో అర్థం కాలేదు, భయపడింది. ఆకు మళ్లీ నలిపింది. మళ్లీ దిగింది. వాసన. కల్యమాకు వాసన. ఆకు పారేసి మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. వచ్చింది. టమాటా కాడ గిల్లి పెట్టుకుంది, ఘాటుగా, పచ్చిగా, వచ్చింది. ఇంట్లోకి పరుగెత్తి పసుపు డబ్బా, కిరసనాయిలు, కొబ్బరి నూనె, సబ్బు, ఒక్కొక్కటే మూతలు తీసి పిచ్చిదానిలా చూసింది. చివరికి ట్రంకు పెట్టె తెరిచి అడుగున ఉన్న అబ్రాహాము చొక్కా తీసింది. మొహం కప్పుకుంది. బీడీ, చెమట, ఇనుము. అతను చచ్చిపోయిన మూడేళ్లకు అతని వాసన తెలిసింది ఆమెకు. ఆ చొక్కా మొహాన కప్పుకుని సాయంత్రం దాకా అట్లాగే పడుకుంది. డాక్టరు గాని, మందు గాని, దేవుడి దగ్గర మొక్కు గాని ఇచ్చింది కాదు అది. రెండు మంచాలంత జాగా ఇచ్చింది.

మరునాడు డంపింగు కుప్ప దగ్గర బండి వంచగానే కడుపులో ఉన్నదంతా కక్కుకుంది. మైసన్న బండి వదిలేసి నవ్వాడు. "ఏందక్కా, నిన్న మొన్న చేరినట్లు జేస్తున్నవ్?" తరువాత జాలిపడ్డాడు. "నోట్లె తంబాకు పెట్టుకో. ఓ వారం పెట్టుకుంటే ఏం తెల్వది." ఆమె పెట్టుకోలేదు. వచ్చినదాన్ని మళ్లీ చంపుకోవడమెందుకు? కొంగు కట్టుకుని, కక్కుకుంటే కక్కుకుని, పని చేసింది. అప్పటి నుంచి ఊరంతా కంపే. మోరీ కంపు సరే. పెద్ద దుకాణాల ముందు చల్లే ఫినాయిలు కింద కుళ్లు, ఫంక్షను హాళ్ల అత్తరు కింద ఎంగిలి, గేటు దిమ్మె మీది చాయ్‌లో కాగితం వాసన. ముక్కు లేనప్పుడు అన్నిటినీ సమానంగా ఎత్తేది. ముక్కు వచ్చాక దేనికదే తెలుస్తోంది. ఇవాళ పొద్దున తన నోటి మాట కంపు కూడా తెలిసింది.

మరి మంగవ్వ? ఆ పేరు అనుకోగానే శాంతవ్వ సీట్లో కదిలి కూర్చుంది. ఎవరి మీద రోతపడుతున్నావే నువ్వు? అత్త చేతులకు తెల్లమచ్చలు ఉండేవి. వేళ్ల చివర్ల నుంచి మోచేతుల దాకా, పాలు ఒలికినట్టు. అది అంటదని దవాఖానలో చెప్పారు, అబ్రాహాము చెప్పాడు, కంటికి కనిపిస్తూనే ఉంది, పాతికేళ్లు కాపురం చేసిన మామకు అంటలేదు. అయినా ఆ చేతులతో కలిపిన ముద్ద శాంతవ్వకు గొంతు దిగేది కాదు. ముసలామె వాకిట్లో ఏదో ఒకటి పండించేది, చిక్కుళ్లు వండి గిన్నెలో పెట్టి, "తినుపో బిడ్డా, పనికెళ్లి వచ్చినవ్," అనేది. శాంతవ్వ తింటున్నట్టే గిన్నె పట్టుకుని వెనక్కి పోయేది. మోరీలో వంచేది. వచ్చి, బాగుందత్తా అనేది. అదే మాట. లెక్చరరమ్మ ఇవాళ అన్న మాటకూ ఆనాడు తను అన్న మాటకూ తేడా ఏముంది? అత్తకు తెలిసే ఉంటుంది. మోరీలో చిక్కుడు గింజలు తేలితే కనబడవా? తెలిసి కూడా మళ్లీ వండింది, మళ్లీ పెట్టింది. చచ్చేదాకా, బాగుందత్తా అనే మాట విని తలూపింది. ఇప్పుడు ఆ గింజలే, ఆ మచ్చల చేతులతో బూడిద పట్టించిన గింజలే, తీగై, కాయై, తన ఒళ్లో సంచిలో ఉన్నాయి.

తాడ్వాయిలో ఎక్కిన ఆడమనిషి ఒకతె వచ్చి పక్కన కూలబడింది. ఆమె వేళ్ల నుంచి తంబాకు వాసన, గోళ్ల సందుల్లో గోధుమ రంగు. బీడీలు చుట్టే ఆమె. లింగంపేట పోవాలట, అక్క కూతురు చీర ఫంక్షనుకు వెళ్లి వస్తోందట, అడగకుండానే అన్నీ చెప్పింది. సంచి వంక చూసింది. "ఏం కాయలక్కా? చిక్కుళ్లా? అబ్బ, గింత నున్నగున్నయ్. అమ్మెటందుకా?"

"కాదు. మా బిడ్డకు."

"మందు కొట్టలేదు గదా?"

"లేదు. పేడనే."

"ఒక్కటియ్యి, వాసన చూస్త." శాంతవ్వ ఇచ్చేలోపే సంచిలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి, చూడడమేమిటి, పుటుక్కున కొరికింది. పచ్చి కాయ నమిలిన వాసన ఇద్దరి మధ్య లేచింది. "తియ్యగున్నది. మాది అద్దె ఇల్లు, ముందల గచ్చు, ఎన్క గచ్చు. పొద్దందాక తంబాకు కాడ కూసుంటే నాలిక మీద ఇంక వేరే రుచే ఉండదు. ఏ ఊరక్కా మీది? పొలమా?" శాంతవ్వ పెదవులు విడిపోయాయి. చెప్పు. చెప్పి చూడు. నోట్లో ఉన్నది ఉమ్ముతుందో మింగుతుందో చూడు. లింగంపేట ఇంకా రాలేదు, చెప్పడానికి ఎంతసేపు? ఆమె నములుతోంది, కళ్లు సగం మూసుకుని, ఈనె పళ్ల మధ్య నుంచి లాగుతూ. ఇంత హాయిగా తన కాయ తిన్న మనిషిని శాంతవ్వ ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. చెప్తే ఇది పోతుంది. చెప్పకపోతే ఇది దొంగతనం. "కామారెడ్డి," అంది చివరికి. "పొలం..." అంటుండగానే కండక్టరు లింగంపేట, లింగంపేట అని అరిచాడు, ఆమె లేచి, ఇంకో నాలుగు కాయలు చనువుగా కొంగులో వేసుకుని, "సల్లగుండు అక్కా," అని దిగిపోయింది. సగం మాట శాంతవ్వ నాలుక మీద అట్లాగే ఉండిపోయింది. ఉమ్మడానికీ లేదు, మింగడానికీ లేదు.

పొలం అనే మాట తనది కాదు, తారది. తార పోయిన ఏడాది జూన్‌లో ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది. సునీల అనే ఆమె ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుంది. మొదటిసారి శాంతవ్వ కూరగాయల సంచితో వెళ్తే, సునీల గేటు దగ్గరే చేతులు పట్టుకుని, "మీకు పొలమున్నదంట గదా అక్కా, తార చెప్పింది," అంది. శాంతవ్వ తార మొహం చూసింది. తార గోడ చూసింది. ఆ చూపుతోనే శాంతవ్వకు రెండెకరాల పొలం వచ్చేసింది. నల్లరేగడి అని సునీలే అనుకుంది, బావి ఉందని సునీలే అనుకుంది, శాంతవ్వ తల ఊపింది, అంతే. పిల్లకు ఉద్యోగం, తలదాచుకునే గది. తల ఊపితే ఏం పోయింది? పోయిందేమిటో ఇవాళ తెలిసింది. లేని పొలం కాయలు అందరూ తింటారు, ఉన్న పెరడు కాయలు బకెట్లో పడతాయి. ఒకే తీగవి. ఆ పెరటిని తను ఎంత ప్రేమిస్తుంది! పొద్దున లేస్తే దాని మొహం, సాయంత్రమైతే దాని ఒడి. దాన్ని కూడా ఒక మనిషిని దాచినట్టు దాచింది. అత్తను దాచినట్టు, పనిని దాచినట్టు. తన ముక్కును బతికించిన జాగాను తనే మోరీలో వంచింది.

ఎల్లారెడ్డిలో దిగి సునీల ఇంటికి నడిచింది. చెప్పాలనుకోలేదు. చెప్పకూడదనీ అనుకోలేదు. గేటు తీసేసరికి సునీల అరుగు మీద చాట పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మొహం విచ్చుకుంది. "వచ్చినవా అక్కా! నీ సంచి కోసమే చూస్తున్న. మా ఆయన పొద్దటి సంది అడుగుతుండు, ఇయ్యాల తారోళ్లమ్మ వస్తది గదా అని." లేచి సంచి అందుకుంది. రెండు వేళ్లతో కాదు, రెండు చేతులతో. గుప్పెడు కాయలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "మీ నేల మహిమక్కా ఇది. బజార్ల ఈ వాసనుంటదా?"

"పొలం లేదు చెల్లె," అంది శాంతవ్వ.

సునీలకు అర్థం కాలేదు. "అమ్మేసిన్రా?"

"ఎప్పుడూ లేదు. తార సిగ్గుపడి చెప్పింది. నేను ఊకున్న. నేను కామారెడ్డి మున్సిపాలిటీల ఊడుస్త. మోరీలు తీస్త, చెత్త ఎత్తుత. ఇంటెన్క గింతంత జాగున్నది, అండ్లనే పండినయి ఇవి." సంచి వైపు చెయ్యి చూపింది. "తానం చేసి, కడిగిన చేతులతోటే తెంపిన. తింటనంటే ఉంచుకో. తిననంటే గిప్పుడే నా చేతికియ్యి, నేనేమనుకోను. గని తింటనని తీస్కోని నేను పోయినంక చెత్తల మాత్రం ఎయ్యకు చెల్లె. గంతే."

గది తలుపు దగ్గర కర్టెన్ కదిలింది. తార అక్కడే ఉంది. ఎప్పటి నుంచో.

సునీల గుప్పెట్లో కాయలు గుప్పెట్లోనే ఉన్నాయి. మొహంలో ఒకటొకటే వచ్చి పోతున్నాయి, తిన్న కూరలన్నీ గుర్తుకొస్తున్నట్టు. ఇంకో చెయ్యి తెలియకుండానే గొంతు దగ్గరకు పోయింది. శాంతవ్వ చూస్తూ నిలబడింది. ఇప్పుడు నవ్వుతుంది, అయ్యో దాందేముందక్కా అంటుంది, లోపలికి తీసుకుపోతుంది, రేపు పొద్దున ఇక్కడి బకెట్లో పడతాయి, ఇక్కడి శాంతవ్వ ఎవరో కుమ్మరిస్తుంది. సునీల నవ్వలేదు. కాయలు సంచిలో మెల్లగా, కింద పడకుండా, పెట్టింది. "అబద్ధమెందుకక్కా," అంది నేల చూస్తూ. "ఇన్ని దినాల సంది తిన్నం, ఏం గాలే. నాకు ఎరుకే. అయినా నా మనసు ఒప్పుతలేదు. తప్పు నాదే అనుకో. ఒప్పుతలేదు." సంచి ముందుకు చాచింది. కళ్లలో నీళ్లు.

శాంతవ్వ రోత కోసం ఎదురుచూసింది. రాలేదు. దెబ్బ తగిలింది, బాగా తగిలింది, గడ్డి పీకుతుంటే ముల్లు గోటి కింద దిగినట్టు, కళ్లు తిరిగేంత. కానీ దానికి కుళ్లు వాసన లేదు. పొద్దుటి నుంచి కడుపులో తిప్పుతున్నది ఒక్కసారి ఆగిపోయింది. నాలుక మీద సగం మాట కూడా లేదు.

సంచి అందుకోవడానికి చెయ్యి చాచేలోపు తార వచ్చి అందుకుంది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "మేం తింటం ఆంటీ," అంది. "గది సంగతి మీ ఇష్టం. ఎప్పుడు ఖాళీ చెయ్యమంటే అప్పుడు చేస్తం." సునీల చాట ఎత్తుకుని లోపలికి పోయింది, తలుపు మాత్రం వేయలేదు.

తార గది మెట్టు మీద కూర్చుంది. శాంతవ్వ ఒక మెట్టు కింద కూర్చుంది. మధ్యలో పళ్లెం. ఇద్దరూ ఈనెలు తీస్తున్నారు. తార గోళ్లకు పసుపు రంగు పాలిష్, ఆ గోళ్లతో ఎంత వేగంగా తీస్తోంది, ఎప్పుడు నేర్చుకుంది? పిల్ల కోపంగా ఉంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి, అబ్రాహాముకూ అట్లాగే అదిరేవి.

"నన్నొక్క మాట అడిగి చెప్తే ఏమైతుండె?" అంది తార తలెత్తకుండా.

"అడిగితే వద్దంటుంటివి."

"అంటుంటి." తీసిన ఈనె పక్కకు విసిరి, "రేపటి సంది బడిల అందరికి తెలుస్తది," అంది. ఆ మాట ఎవరితో అన్నదో, తల్లితోనా, తనతోనా. శాంతవ్వ పిల్ల భుజం మీద చెయ్యి వేద్దామా అనుకుని, వేయకుండా, ఇంకో గుప్పెడు కాయలు పళ్లెంలో పోసింది. పచ్చి వాసన లేచి ఇద్దరి మొహాలకూ తగిలింది. తార ఒక కాయ పట్టుకుని ఆగింది. కాయ మధ్యలో సన్నటి బెజ్జం, లోపల ఆకుపచ్చ పురుగు కదులుతోంది. ఛీ అని మొహం తిప్పుకుని కాయ మొత్తాన్ని గేటు అవతలకు విసరబోయింది.

శాంతవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"పురుగున్నకాడికి తుంచు," అంది. "మిగతది మంచిగనే ఉన్నది."